రెండో ముద్రణలో ‘రాక్షసబల్లి’ అన్న మాట ఉంచాలా, తీసేయాలా?

అంబాజీపేట మాస్టారు:
అందరికీ నమస్కారం. ఇరవై ఆరేళ్లు హైస్కూల్లో జీవశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. పోయినేడు పిల్లల కోసం డైనోసార్ల మీద ఒక పుస్తకం సొంత డబ్బుతో 500 కాపీలు వేయించాను. దాదాపు అయిపోయాయి. మళ్లీ వేసేముందు మీ సలహా కావాలి.

ప్రెస్సు నుంచి కట్టలొచ్చిన రోజు సంగతి ముందు చెప్తాను. అరుగు మీద మొదటి కట్ట విప్పి చూస్తే ‘66 కోట్ల ఏళ్ల క్రితం డైనోసార్లు అంతరించాయి’ అని ఉంది. నేను రాసింది 6.6 కోట్లు. మధ్యలో చుక్క ఎగిరిపోయింది. 66 కోట్ల ఏళ్ల క్రితం భూమ్మీద చేప కూడా లేదు! ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నేనూ మా ఆవిడా నాలుగు రోజులు కూర్చుని 500 కాపీల్లోనూ పెన్నుతో చుక్క పెట్టాం. వెంటనే మూసేస్తే సిరా ఎదుటి పేజీకి అంటుకుంటోందని, ఒక్కో పుస్తకం తెరిచి, గాలికి పేజీ తిరక్కుండా కొబ్బరిచిప్ప బోర్లించేవాళ్లం.

అది సరిదిద్దగలిగాం. పేరుతోనే బాధ. ‘రాక్షసబల్లులు’ అని పెడితేనే పిల్లలు కొంటారన్నారు, సరేనన్నాను. 1842లో ఇంగ్లండ్ శాస్త్రవేత్త రిచర్డ్ ఓవెన్ పెట్టిన ‘డైనోసార్’ అన్న పేరుకీ భయంకరమైన బల్లి అనే అర్థం. కానీ అవి బల్లులు కావు. బల్లి కాళ్లు పక్కలకి చాపి ఉంటాయి. డైనోసార్లకి మన గేదెకున్నట్టే కాళ్లు ఒంటి కింద నిటారుగా ఉండేవి. పైగా వాటిలో కోడంతవీ ఉన్నాయి. పాఠం చెప్పినవాణ్ణి, తప్పు పేరు అట్ట మీద చూస్తుంటే మనసొప్పడం లేదు.

రాజోలు టీచర్:
నమస్తే మాస్టారూ. మీ పుస్తకం మా ఆరో తరగతిలో చదివించాను. పక్షులు డైనోసార్ల వంశమేనని చెప్పిన చోట కోడి కాలు చూడమన్నారు కదా, మర్నాడు ఒక పిల్లాడు వాళ్ల నాన్నగారి డేగ పుంజుని చంకలో పెట్టుకుని వచ్చేశాడు. పిల్లలంతా వరసలో నిలబడి దాని కాలి పొలుసులు వేలితో తడిమి చూశారు. ముందుకి మూడు వేళ్లు, వెనక్కి ఒకటి. అప్పుడొక పిల్ల ‘మరి ఇది బల్లి కాదు కదా టీచర్?’ అంది. నా ఓటు తీసేయమనే.

కొవ్వూరు కుర్రాడు:
సార్, ఉంచండి. మా అమ్మకి డైనోసార్ అంటే తెలీదు, రాక్షసబల్లి అంటే తెలుసు. నాన్న పంగిడి నుంచి కంకర తోలతారు. ఆ నల్లరాయి డైనోసార్లు పోయిన కాలంలో పారిన లావా అని మీ పుస్తకం చదివి వినిపిస్తే, లారీ ఆపి ఒక రాయి ఇంటికి తెచ్చారు. టీవీ పక్కనే ఉంది. ఒక డౌటు: మన వైపు చెరువులు తవ్వేటప్పుడు ఎముకలు దొరికే ఛాన్స్ ఉందా?

అంబాజీపేట మాస్టారు:
బాబూ, నాన్నగారి సంగతి మా ఆవిడకీ చదివి వినిపించాను. చెరువు తవ్వకాల్లో దొరకవు. డెల్టా ఒండ్రు గోదారి మొన్నమొన్న తెచ్చి పోసింది, వేల ఏళ్లదే. ఎగువకి వెళ్లాలి. ప్రాణహిత లోయలో, ‘కోట’ అని పేరున్న రాతిపొరల్లో జురాసిక్ కాలపు ఎముకలు దొరికాయి. బారాపాసారస్ అనే డైనోసార్ అక్కడిదే, దానికి రవీంద్రనాథ్ ఠాగూర్ పేరు కలిపారు. యామన్‌పల్లి దగ్గర దొరికిన కోటాసారస్ అనే మరో డైనోసార్‌కి 1988లో శాస్త్రవేత్త యాదగిరి గారు పేరు పెట్టారు. దాని అస్థిపంజరం హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో ఉంది, వీలైతే అమ్మానాన్నలకి చూపించు.

అట్ట మీద ‘డైనోసార్లు’ అనే వేస్తాను. మీ అమ్మగారి కోసం మొదటి పేజీలో రాక్షసబల్లి అన్న మాట ఎలా వచ్చిందో, ఎందుకు సరికాదో రాస్తాను.

టీచరు గారూ, ఆ డేగ పుంజు కాలు దగ్గరగా ఫొటో తీసి పంపించగలరా? ముఖచిత్రానికి కావాలి. పిల్లాడి పేరు లోపల వేస్తాను, వాళ్ల నాన్నగారిని ఒక మాట అడగండి.