భువనగిరి కోట: ఎక్కేటప్పుడు లేని మోకాలి నొప్పి దిగేటప్పుడే వస్తోంది

అమ్మకు 61 ఏళ్లు. పిల్లలతో కలిసి ఇంటిల్లిపాదీ భువనగిరి కోటకు రెండుసార్లు వెళ్లాం. ఒకే రాతి గుట్ట, సుమారు 500 అడుగుల ఎత్తు. పొద్దున ఏడున్నరకు మొదలుపెడితే అమ్మ నలభై నిమిషాల్లో పైకి చేరింది, మాకంటే ముందే! పైనుంచి అగ్గిపెట్టెల్లా కనిపించే ఇళ్లు, చుట్టూ పొలాలు చూస్తూ కిందికి రానంటుంది.

చిక్కంతా దిగడంలోనే. పది నిమిషాలకే కుడి మోకాలి చిప్ప కింద సూదితో గుచ్చినట్టు నొప్పి. చదునైన చోట ఉండదు, మెట్టు దిగగానే వస్తుంది. మర్నాటి సాయంత్రానికి తగ్గిపోతుంది. వాపు లేదు. డాక్టరు ఎక్స్‌రే చూసి, ఎముక బాగానే ఉంది, నడవచ్చన్నారు.

మొదటిసారి నీక్యాప్ వేశాం, జారి పిక్క మీదికి వచ్చింది. రెండోసారి కుడిచేతికి కర్ర ఇచ్చాం. నున్నటి రాతివాలు దగ్గర అది జారి ఇంకా టెన్షన్ పెట్టింది. పక్కకి తిరిగి దిగితే కొంత నయం, కానీ నడుము పట్టేసిందట.

ఇలాంటి నొప్పితో గుట్టలు దిగిన అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి: కర్ర ఏ చేత్తో పట్టుకుని, ఏ కాలు ముందు వేస్తే కుడి మోకాలిపై భారం తగ్గుతుంది?