రాయవేలూరు చాందీ గారికి మా బడి చార్టులో చోటు: మీ ఇంటి అనుభవాలు చెప్పండి

పలమనేరు_టీచర్:
ఫిబ్రవరి 28 సైన్స్ డేకి ఒక డాక్టరు గురించి చార్టు పెట్టాలి. నేను జేకబ్ చాందీ పేరు చెప్పాను. 1949లో రాయవేలూరు (వెల్లూరు) సీఎంసీలో, అంటే క్రిస్టియన్ మెడికల్ కాలేజీ ఆస్పత్రిలో, మన దేశంలోనే మొదటి న్యూరోసర్జరీ (మెదడు, నరాల ఆపరేషన్ల) విభాగం మొదలుపెట్టింది ఆయనే. 1964లో పద్మభూషణ్ ఇచ్చారు. "కేరళలో కొట్టాయం ఆయనతో మనకేం పని సార్?" అన్నారు స్టాఫ్‌రూంలో. మీ ఇళ్లలో ఎవరికైనా ఆ ఆస్పత్రితో సంబంధం ఉంటే రాయండి.

మదనపల్లె_మూర్తి:
ఏం పనా? మా వైపు ఏ పిల్లాడికి ఫిట్స్ వచ్చినా, తలకు దెబ్బ తగిలినా "రాయవేలూరు తీసుకుపోండి" అనడమే కదా. మా అవ్వకు తలలో గడ్డ అంటే 1986లో మా నాయన రెండు బస్సులు మారి తీసుకుపోయినాడు. మూడు వారాలు లాడ్జిలో కిరసనాయిలు స్టవ్ మీద వంట. గుండుతో తిరిగొచ్చిన అవ్వను చూసి ఊళ్లో వాళ్లు తిరుపతికి పోయొచ్చిందనుకున్నారు! ఆ తర్వాత పదకొండేళ్లు బతికింది. చాందీ అనే పేరు మాత్రం మా ఇంట్లో ఎవరూ విన్లేదు.

న్యూరో_పీజీ:
వినకపోవడమే సహజం మూర్తి గారూ. అప్పటికే ఆయన రిటైరయ్యారు, మీ అవ్వకు ఆపరేషన్ చేసింది ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్ల తరం. చాందీ గారు కెనడాలోని మాంట్రియల్‌లో వైల్డర్ పెన్‌ఫీల్డ్ అనే మెదడు సర్జన్ దగ్గర పని నేర్చుకుని వచ్చి, అక్కడిలాగే న్యూరాలజీ (ఆపరేషన్ లేకుండా చేసే మెదడు, నరాల వైద్యం), న్యూరోసర్జరీ ఒకే గొడుగు కిందకి తెచ్చారు. 1958లో ఇక్కడే సర్జన్లకు శిక్షణ మొదలుపెట్టారు. లేకపోతే ఈ విద్య కోసం ఓడెక్కాల్సిందే. నన్నడిగితే పద్మభూషణ్ కంటే ఆ 1958నే పెద్దక్షరాల్లో రాయండి.
అలాగని ఆయనొక్కరే కాదు. ఇంగ్లండ్‌లోని న్యూకాజిల్‌లో నేర్చుకొచ్చిన బి. రామమూర్తి గారు 1950లో మద్రాసు జనరల్ ఆస్పత్రిలో న్యూరోసర్జరీ మొదలుపెట్టారు. ఈ ఇద్దరూ, ఎస్.టి. నరసింహన్, బల్దేవ్ సింగ్ కలిసి 1951లో న్యూరలాజికల్ సొసైటీ ఆఫ్ ఇండియా స్థాపించారు.

ఉప్పల్_ఉష:
పెన్‌ఫీల్డ్ అంటే రోగిని మెలకువగా ఉంచి మెదడు ఆపరేషన్ చేసినాయనే కదా? మా బాబాయికి మూడేళ్ల కింద హైదరాబాదులో అలాగే చేశారు. తల చర్మానికి మత్తిస్తారు, మెదడుకు నొప్పి తెలియదట. మాట పోకుండా చూసుకోవడానికి మెదడు మీద అక్కడక్కడా సన్నగా కరెంటు తగిలిస్తూ, బొమ్మలు చూపించి పేర్లడుగుతారు; మాట ఆగితే ఆ చోటు మాటకు కావాల్సిందన్నమాట. ముందురోజు ప్రాక్టీసులో స్ట్రాబెర్రీ బొమ్మ పెడితే బాబాయి నోరు తెరవలేదు. అందరికీ టెన్షన్. "అదేం పండో నేనెప్పుడూ తిన్లేదమ్మా" అన్నాడు చివరికి. దాన్ని తీసేసి వంకాయ పెట్టారు. ఆపరేషన్లో వంకాయ, నిచ్చెన గడగడా చెప్పాడట, గొడుగు దగ్గర "గొ... గొ..." అని ఆగిపోయాడు. కరెంటు తగిలించిన ఆ చోట చిన్న నంబరు చీటీ పెట్టి, అక్కడ కత్తి పెట్టకుండా వదిలేశారు.

న్యూరో_పీజీ:
ఆ చీటీలు పెట్టే పద్ధతి కూడా పెన్‌ఫీల్డ్ వాడిందే ఉష గారూ.

గుంటూరు_కారం:
అంతా సర్జన్ల గొడవేనా? రాత్రంతా కూర్చుని కనుపాపలకు టార్చి వేసి చూసే నర్సులకు ఏ చార్టూ లేదు. మా అక్క ఆ పనే చేస్తుంది.

పలమనేరు_టీచర్:
ఒప్పుకున్నానండీ, కింద ఒక నర్సు బొమ్మ పెడతాం, చేతిలో టార్చితో. ఉష గారూ, మీ బాబాయి కథ పేరు లేకుండా వాడుకోవచ్చా? తొమ్మిదో తరగతి పిల్ల అప్పుడే వంకాయ గీసేసింది.

ఉప్పల్_ఉష:
వాడుకోండి సార్. గుత్తివంకాయ గీయమనండి, బాబాయికి అదే ఇష్టం.