చర్చ: పొద్దున గుళ్లు, సాయంత్రం హాకీ... భువనేశ్వర్‌లో ఒక్క రోజులో అవుతుందా?

బరంపురం బుల్లోడు

అందరికీ నమస్తే. మాది బరంపురం, పెళ్లయి ఏడు నెలలు. వచ్చే ఆదివారం కళింగ స్టేడియంలో ఇండియా మ్యాచ్‌కి రెండు టికెట్లు దొరికాయి. మా ఆవిడది గుణుపురం. భువనేశ్వర్‌ని రైలు కిటికీలోంచి చూడడమే తప్ప ఎప్పుడూ దిగలేదు. లింగరాజస్వామి, ముక్తేశ్వరం, రాజారాణి, ఖండగిరి, ధవళి, నందన్‌కానన్ అన్నీ తిప్పి, సాయంత్రానికి స్టేడియం చేరి, రాత్రికి ఇంటికి వచ్చేయాలని అనుకుంటున్నాను. ఆవిడకి హాకీ గురించి ఏమీ తెలీదు. "గుళ్లకైతే వస్తాను, ఆ కర్రల ఆటకి మీరొక్కరే వెళ్లండి" అంటోంది. వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి.

పర్లాకిమిడి మాస్టారు

బాబూ, నువ్వు తిప్పేది కొత్త పెళ్లికూతురినా, టూరిస్టు బస్సునా? నందన్‌కానన్ కొట్టేయ్, ఒక్క జూకే సగం రోజు కావాలి. ధవళి ఊరికి ఇంకో పక్క, పూరీ రోడ్డు మీద. అక్కడ అశోకుడి శాసనం ఉంది, 1972లో కట్టిన శాంతి స్తూపం ఉంది. ఎప్పుడైనా పూరీ వెళ్లినప్పుడు చూసుకోవచ్చు.

పొద్దున్నే ఖండగిరికి ఎదురుగా ఉన్న ఉదయగిరి ఎక్కండి, ఎండ ముదిరితే ఆ రాళ్ల మీద నిలబడలేరు. అక్కడ రాణి గుంఫా (గుంఫా అంటే గుహ) రెండంతస్తులు, అందరూ ఫొటోలు దిగి వెళ్లిపోయేది అక్కడే. నన్నడిగితే హాథీగుంఫా దగ్గర పది నిమిషాలు ఆగండి. పైన రాతి మీద ఖారవేలుడి శాసనం, 17 పంక్తులు, బ్రాహ్మీ లిపి. శాతకర్ణిని లెక్కచేయకుండా పడమటికి సైన్యం పంపానని చెప్పుకుంటాడందులో. మనం బళ్లో చదివిన శాతవాహనుల ఊసు కళింగరాజు నోట వినబడుతుంటే తమాషాగా ఉంటుంది. కోతులతో జాగ్రత్త. నా చేతిలో అరటిపళ్ల సంచి ఎలా పోయిందో ఇప్పటికీ అర్థం కాలేదు.

రాయగడ వదిన

మేము హీరాఖండ్ ఎక్స్‌ప్రెస్‌లో రాత్రి ఎక్కి పొద్దున దిగాం. స్నానానికి స్టేషన్ దగ్గర ఒక లాడ్జికి వెళితే పన్నెండు దాటితేగాని గది ఇవ్వమన్నాడు. ఎంత బతిమాలినా వినలేదు. చివరికి స్టేషన్ వెయిటింగ్ రూములోనే మొహం కడుక్కున్నాం. మీరు ముందే ఫోన్ చేసి అడగండి తమ్ముడూ.

లింగరాజస్వామి గుళ్లోకి ఫోను తీసుకెళ్లనివ్వరు, అది మనసులో పెట్టుకోండి. భోజనానికి హోటళ్లు వెతక్కండి. బిందుసాగరం గట్టున అనంత వాసుదేవుడి గుడి ఉంది. మట్టికుండల్లో వండిన ప్రసాదం మధ్యాహ్నం అక్కడే అమ్ముతారు. అన్నం, పప్పు, కూర, ఉల్లి వెల్లుల్లి ఉండవు. మా ఆయన ఇంట్లో ఉల్లిపాయ లేకపోతే కంచం ముట్టరు, అక్కడ రెండుసార్లు పెట్టించుకున్నారు! ఆలస్యంగా వెళితే అయిపోతుంది.

ఛత్రపురం లోకో

హాకీ సంగతి నేను చెప్తాను. 2018 ప్రపంచకప్పులో నెదర్లాండ్స్ చేతిలో 2-1తో ఓడిన క్వార్టర్ ఫైనల్ అక్కడే కూర్చుని చూశాను. 2023లో న్యూజిలాండ్ షూటౌట్‌లో మనల్ని ఇంటికి పంపిన రోజూ ఉన్నాను. నేను వెళ్లకపోతే గెలుస్తారని ఇంట్లోవాళ్ల వాదన, అది పక్కన పెట్టండి.

చెల్లెమ్మకి చెప్పు: ఆట మొత్తం 60 నిమిషాలే, పదిహేను నిమిషాల చొప్పున నాలుగు భాగాలు. క్రికెట్‌లా రోజంతా తినదు. కాస్త ముందే వెళ్లి కూర్చోండి, నీలం టర్ఫ్‌ని నీళ్లతో తడపడం చూడొచ్చు. తడిగా ఉంటేనే బంతి జారుతుంది. బంతి కనబడట్లేదని కంగారు పడొద్దు, మొదట్లో ఎవరికీ కనబడదు. పెనాల్టీ కార్నర్ వచ్చినప్పుడు మాత్రం ఫోను చూడకండి. గోల్ గీత వెనక గోలీతో కలిపి ఐదుగురే కాపలా, మొహాలకి మాస్కులు. అవతలివాళ్లు గీత మీంచి బంతి తోస్తారు, డి (గోల్ ముందు గీసిన అరవృత్తం లాంటి గీత) బయట ఆపుతారు, ఒకడు వంగి కర్రతో లాగి విసురుతాడు. రెండు మూడు సెకన్లలో అంతా అయిపోతుంది.

తిరుగు ప్రయాణానికి రైలు నమ్ముకోవద్దు. ఆట సాగితే టెన్షన్. బరముండా బస్టాండ్ నుంచి బరంపురం బస్సులుంటాయి, ముందే సీటు చేసుకోండి.

గంజాం గూగ్లీ

హాకీ ఎందుకండీ, కటక్ బారాబటిలో వన్డే పడేదాకా ఆగితే పోలా?

ఛత్రపురం లోకో

వన్డే టికెట్ నువ్వు ఇప్పిస్తావా గురూ?

బరంపురం బుల్లోడు

వెళ్లొచ్చాం! మాస్టారి మాట విని ఉదయగిరి, వదిన మాట విని అనంత వాసుదేవుడి భోజనం, మధ్యలో లింగరాజస్వామి, ముక్తేశ్వరం, రాజారాణి. మిగతావి వదిలేశాం. తప్పు ఒక్కటే చేశాం, అదీ నాదే. ఏకామ్ర హాట్ అనే చేతిపనుల సంతలో ఆవిడ పిపిలి గుడ్డ దీపం బుట్ట కొంది. పెద్దది. స్టేడియం గేటు దగ్గర సంచీలూ, పవర్ బ్యాంకూ కుదరవన్నారు. చివరికి ఎదురుగా కొబ్బరిబొండాల తాతకి అప్పజెప్పి లోపలికి పరిగెత్తాం. బయటికొచ్చేసరికి తాత లేడు, బండీ లేదు. నా గుండె జారిపోయింది. పక్క టీ కొట్టతను నవ్వుతూ బల్ల కిందనుంచి బుట్ట తీసిచ్చాడు, తాత వెళ్తూ అక్కడ పెట్టి వెళ్లాడట. టీ తాగి బస్సెక్కితే ఇల్లు చేరేసరికి మూడు.

బరంపురం బుల్లోడు (రాస్తున్నది ఆయన భార్యని)

బుట్ట పోయిందని ఏడుపు మొహం పెట్టింది ఈయనే, నేను కాదు. నాకు అన్నిటికన్నా రాజారాణి నచ్చింది. గర్భగుడిలో దేవుడు లేడు. చెప్పులు విప్పాక ఎవరికి దండం పెట్టాలో తెలీక నవ్వుకున్నాం. ఆ రాతి మీద నాయికలు, చుట్టూ తోట, జనం లేరు. మా ముఖలింగం గుడి గుర్తొచ్చింది.

ఛత్రపురం అన్నయ్యగారూ, మొదటి రెండు భాగాలూ నాకు బంతి కనబడలేదు, నిజమే. మూడో దాంట్లో కనబడింది. ఆ తర్వాత ఈయన మాటలు వినబడలేదు. రూర్కెలా బిర్సాముండా స్టేడియం 20,011 సీట్లతో ఇంకా పెద్దదట కదా? వదినా, మీ రాయగడ నుంచి అక్కడికి రైలు సుఖంగా ఉంటుందా, లేక రాత్రంతా కూర్చోవాలా?