“ఇది నా కాలేజీ” అని మీకు ఎప్పుడు అనిపించింది? అసలు అనిపించిందా?

కొత్త_మెంటార్:
అందరికీ నమస్కారం. యూనివర్సిటీలో పాఠాలు చెప్పడం మొదలుపెట్టి మూడేళ్లయింది. ఈసారి ఫస్టియర్ పిల్లలు 24 మందికి నన్ను మెంటార్‌గా వేశారు. పోయినేడూ వేశారు, అప్పుడు సరిగా చేయలేకపోయాను, అందుకే ఈ చర్చ.

పోయినేడు స్వాగత కార్యక్రమం బ్రహ్మాండంగా చేశాం. స్టేజీ, లైట్లు, టీషర్టులు, పెద్దల ఉపన్యాసాలు, “మనమంతా ఒకే కుటుంబం” అని బ్యానరు. రెండో నెలలో ఒకమ్మాయి రావడం మానేసింది. ఆ సంగతి నాకు తెలిసేసరికే మూడు వారాలు గడిచిపోయాయి. ఫోన్ చేస్తే ఆరోగ్యం బాగానే ఉంది, డబ్బు ఇబ్బందీ లేదు. “నేను రాకపోతే ఎవరికైనా తెలుస్తుందనుకోలేదు సార్” అంది. కోపంగా కూడా కాదు, టైమెంతయింది అంటే చెప్పినట్టు మామూలుగా చెప్పింది.

ఉపన్యాసాలు వద్దు, అవి మా దగ్గరే బోలెడున్నాయి. ఏ చిన్న సంగతి దగ్గర ఇది మనదే అనిపించిందో, లేదా ఇది మనది కాదని తేలిపోయిందో, అది చెప్పండి చాలు.

వెనక_బెంచీ:
నాకు తాళం చెవి సార్. నిజంగానే తాళం చెవి. మొదటి సెమిస్టర్ అంతా నేను ఎవరితోనూ మాట్లాడలేదు, క్లాసుకు రావడం, వెనక కూర్చోవడం, బెల్లు కొట్టగానే వెళ్లిపోవడం, నా గొంతు ఎలా ఉంటుందో ఆ క్లాసులో సగం మందికి తెలియదంటే నమ్మండి. రెండో సెమిస్టర్‌లో ల్యాబ్ అసిస్టెంట్ గారికి మోకాలి నొప్పి వచ్చి పై అంతస్తుకు ఎక్కలేక, ముందు వరసలో వాళ్లెవరూ ఇంకా రాకపోవడంతో, నన్ను పిలిచి “బాబూ, రోజూ పొద్దున ఈ తాళం తీసిపెట్టగలవా” అన్నారు. అంతే. మర్నాటి నుంచి నేను లేటుగా వస్తే ముప్పై మంది బయట నిలబడి ఉండేవాళ్లు. తిట్టేవాళ్లు కూడా. ఆ తిట్లే నాకు ఫ్రెషర్స్ పార్టీ.

అసలు ఫ్రెషర్స్ పార్టీకి వెళ్లాను గానీ బాత్రూమ్‌లో నలభై నిమిషాలు ఫోన్ చూసుకుంటూ గడిపి వచ్చాను. సిగ్గరివాడికి ఆ మ్యూజిక్, ఆ “ఒక్కొక్కరూ స్టేజీ మీదకి రండి”... వద్దులెండి.

డే_స్కాలర్:
బాత్రూమ్‌లో దాక్కోవడానికైనా మాకు రాసిపెట్టి లేదు అన్నా 😀 మాకు ఆ పార్టీ టైముకే లాస్ట్ బస్సు. క్లబ్బులన్నీ సాయంత్రం ఆరుకు, సినిమా ఆరుకు, డిబేట్ ఆరుకు. నేను రానుపోను మూడు గంటలు ప్రయాణం చేసేదాన్ని. “నువ్వు దేంట్లోనూ కలవవు” అని ముద్ర పడింది. నాకు సిగ్గు లేదు, బిడియం లేదు, ఉన్నదల్లా బస్సు టైమింగ్.

క్లాసుల మధ్య రెండు గంటల ఖాళీ ఉంటే ఎక్కడ కూర్చోవాలో తెలిసేది కాదు. హాస్టల్ వాళ్లు రూముకు వెళ్తారు. మేం బ్యాగులు మోసుకుంటూ మెట్ల మీద. సెకండియర్‌లో డిపార్ట్‌మెంట్ వాళ్లు పాత స్టోర్ రూమ్ ఖాళీ చేసి నాలుగు బల్లలు, ఒక బీరువా వేసి డే స్కాలర్లకు ఇచ్చారు. బీరువాలో ఒక అర నాది. గొడుగు, పాత నోట్సు, ఒక స్వెట్టర్ పెట్టుకున్నాను. రాత్రి ఇంట్లో పడుకున్నప్పుడు కూడా నా వస్తువు ఒకటి అక్కడ ఉందంటే అదోలా ఉండేది, బాగుండేది. సార్, మీ మీటింగులు మధ్యాహ్నం ఖాళీ పీరియడ్‌లో పెట్టండి, సగం సమస్య అక్కడే తీరుతుంది.

సైకాలజీ_చదివినోణ్ణి:
ఉపన్యాసం వద్దన్నారు కానీ ఒక్కటి చెప్పనివ్వండి, ఇది నిజంగా పనికొస్తుంది. గ్రెగరీ వాల్టన్, జెఫ్రీ కోహెన్ అని ఇద్దరు సైకాలజిస్టులు అమెరికాలో ఒక ప్రయోగం చేసి 2011లో ఫలితాలు ప్రచురించారు. ఫస్టియర్ పిల్లలకు సీనియర్ల అనుభవాలు చదవడానికి ఇచ్చారు. అన్నింట్లో ఉన్నది ఒకటే, మొదట్లో నాకూ ఇక్కడ పొసగదనిపించింది, అందరికీ అలాగే అనిపిస్తుందట, మెల్లగా సర్దుకుంది అని. తర్వాత పిల్లల చేత వాళ్ల సొంత అనుభవం రాయించి, వచ్చే ఏడాది జూనియర్లకు చూపిస్తామని వీడియోలో మాట్లాడించారు. మొత్తం ఒక గంట పని. మూడేళ్ల తర్వాత చూస్తే నల్లజాతి విద్యార్థుల మార్కులు పెరిగి, తెల్లజాతి విద్యార్థులతో ఉన్న తేడా సగానికి తగ్గింది.

ఇందులో నాకు నచ్చిన కిటుకు ఏంటంటే, “నీకు సాయం చేస్తున్నాం” అని ఎవరూ అనలేదు. జూనియర్లకు నువ్వు సాయం చెయ్యి అన్నారు. వెనక_బెంచీ తాళం చెవి లాంటిదే.

వెనక_బెంచీ:
గంటలో మూడేళ్ల బాధ పోయిందా? మా నాన్న రోజుకో గంట చెప్పేవాడు, నాకేం పోలేదు.

సైకాలజీ_చదివినోణ్ణి:
హహ. బాధ పోదు అన్నా, దానికి మనం చెప్పుకునే అర్థం మారుతుంది. మొదటి ఇంటర్నల్‌లో మార్కులు తగ్గాయనుకో. “పేపర్ కష్టంగా ఉంది” అనుకునేవాడు వెళ్లి డౌట్ అడుగుతాడు. “నేను ఇక్కడికి తగను” అనుకునేవాడు అడిగితే ఆ సంగతి అందరికీ తెలిసిపోతుందని నోరెత్తడు, అడక్కపోతే ఇంకా తగ్గుతాయి, చూశావా నేను అనుకున్నదే నిజం అని ఇంకా వెనక్కి జరుగుతాడు. ఆ చక్రం తిరగడం మొదలవ్వకముందే పుల్ల అడ్డం పెట్టడమే వాళ్లు చేసింది.

అయితే దీని తర్వాతి కథే అసలు ముఖ్యం. ఇదే పద్ధతిని 22 విద్యాసంస్థల్లో 26,911 మంది మీద పరీక్షించి 2023లో మళ్లీ ఫలితాలు ఇచ్చారు. ఫస్టియర్ పూర్తి చేసేవాళ్లు పెరిగారు, కానీ అన్ని చోట్లా కాదు. ఆ పిల్లల్లాంటి వాళ్లకు నిజంగా కలిసిపోయే వీలున్న క్యాంపస్‌లలోనే పనిచేసింది. వీలు లేని చోట “నువ్వూ మనవాడివే” అని ఎంత చెప్పినా ఒట్టి మాటే.

మూడో_ప్రయత్నం:
మా ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటిదాన్ని నేనే. ఆఫీస్ అవర్స్ అని తలుపు మీద రాసి ఉంటే, ఆ టైములో సార్ ఆఫీసు పనిలో ఉంటారు, వెళ్లకూడదు అనుకున్నాను. నిజానికి అది పిల్లలు వెళ్లి డౌట్లు అడగడానికి పెట్టిన టైము. ఒకటిన్నర సంవత్సరం. నవ్వకండి. ఆ టైములో ఆయన గది ముందు నుంచి నడవాల్సి వస్తే చెప్పుల చప్పుడు కాకుండా నడిచేదాన్ని.

క్రెడిట్ అంటే ఏంటి, ఎలక్టివ్ ఎలా మార్చుకోవాలి, ఒక పేపర్ పోతే ఆ ఏడాది మొత్తం పోయినట్టా, ఇవి మిగతావాళ్లకు ఎలా తెలుసో అర్థమయ్యేది కాదు. వాళ్లకు అన్నో అక్కో చెప్పి ఉంటారు. నేను మాత్రం ఇవన్నీ తెలియకపోవడం నా తెలివితక్కువతనం అనుకున్నాను. ఏదో పొరపాటున సీటు ఇచ్చారు, ఎప్పుడో ఒకరోజు పిలిచి “అమ్మా, నువ్వు కాదు, నీ పేరున్న ఇంకో అమ్మాయి” అంటారని భయం. పాలీన్ క్లాన్స్, సుజాన్ ఐమ్స్ అనే ఇద్దరు 1978లోనే దీన్ని ఇంపోస్టర్ ఫినామినన్ అని రాశారని తర్వాత చదివాను. బాగా చదువుకున్న, పేరు తెచ్చుకున్న ఆడవాళ్లు తాము మోసగత్తెలమని, ఎప్పుడో దొరికిపోతామని అనుకుంటున్నారట. అది చదివి ఏడ్చాను, నిజం.

సార్, మీ 24 మందికీ మొదటి వారమే ఒక కాగితం ఇవ్వండి, ఎవరికీ చెప్పరు గానీ అందరికీ తెలుసనుకునే మాటలన్నీ రాసి. అందరికీ ఇవ్వాలి. “తెలియనివాళ్లు తీసుకోండి” అంటే ఒక్కరూ తీసుకోరు.

మాజీ_సీఆర్:
కాగితాలు, వీడియోలు సరే గానీ, స్నేహం కుదరాలంటే కలిసి గడిపిన గంటలు కావాలి. జెఫ్రీ హాల్ అనే పరిశోధకుడు 2018లో లెక్క వేశాడు, పరిచయం కాస్తా మామూలు స్నేహం కావడానికి సుమారు 50 గంటలు, దగ్గరి స్నేహానికి 200 పైన. అంతకన్నా ముందు, 1950లో లియాన్ ఫెస్టింగర్ బృందం పెళ్లయిన విద్యార్థుల క్వార్టర్స్ మీద ఒక అధ్యయనం ప్రచురించింది. ఎవరికి ఎవరు స్నేహితులయ్యారా అని చూస్తే, అభిరుచులూ గిభిరుచులూ కాదు, పక్క గుమ్మం వాళ్లు. మెట్ల దగ్గర ఇల్లు దొరికినవాళ్లకు పై అంతస్తు వాళ్లతోనూ స్నేహం, ఎందుకంటే వాళ్లు రోజూ అటే దిగుతారు కాబట్టి.

అందుకని నేను సీఆర్‌గా, అంటే క్లాస్ రిప్రజెంటేటివ్‌గా ఉన్నప్పుడు మేడమ్‌ను ఒప్పించి ల్యాబ్ గ్రూపులు వారం వారం మార్చడం ఆపించాను. నలుగురు, సెమిస్టర్ మొత్తం. బాగా పనిచేసింది.

మౌనవ్రతం:
ఎవరికి బాగా పనిచేసింది? నేను అలాంటి నలుగురిలో నాలుగోవాణ్ణి. మిగతా ముగ్గురూ ముందే ఫ్రెండ్స్. నాలుగు నెలలు వాళ్ల జోకుల పక్కన కూర్చుని రీడింగులు రాసుకున్నాను. అంతకన్నా ఒంటరిగా ఎప్పుడూ లేను. వారానికోసారి మారి ఉంటే కనీసం బాధ మారేది.

ఇంకో మాట. నాకు పదిమందితో కలవడం ఇష్టం లేదు, లైబ్రరీలో కిటికీ పక్క కుర్చీ, ఇద్దరు స్నేహితులు, అంతే నా యూనివర్సిటీ, మూడేళ్లూ హాయిగా ఉన్నాను. ప్రతి మెంటారూ వచ్చి “ఏంటి బాబూ ఒక్కడివే ఉన్నావ్, యాక్టివిటీస్‌లో పాల్గొనాలి” అనేవాడు. కలుపుగోలుగా ఉండటం వేరు, ఇది నా చోటు అనిపించడం వేరు. దయచేసి రెండూ కలిపేయకండి.

మాజీ_సీఆర్:
ఒప్పుకుంటున్నా బ్రదర్. గ్రూపులు వేసింది నేనే, అలా ఎవరైనా ఇరుక్కున్నారేమో అని ఒక్కరినీ అడగలేదు. నెలకోసారి విడిగా అడిగి, కావాలన్నవాళ్లను మార్చి ఉండాల్సింది.

ఊరి_యాస:
సైకాలజీ తమ్ముడు చెప్పిన ఆ 2023 సంగతి దగ్గర ఆగిపోయాను. నేను నోరు తెరిస్తే క్లాసులో ఇద్దరు నా యాసలో తిరిగి అనేవాళ్లు. మెంటార్‌కు చెప్తే “సరదాకి అన్నార్లేమ్మా, నువ్వూ నవ్వేయ్” అన్నారు. తర్వాత నేను సెమినార్ ఇవ్వడం మానేశాను. అలాంటప్పుడు నాకు సీనియర్ల కథలు ఎన్ని చదివించి ఏం లాభం? సర్దుకోవాల్సింది నేనా, వాళ్లా?

మారింది ఎప్పుడంటే, వేరే సబ్జెక్టు మేడమ్ క్లాసులో మళ్లీ అలాగే అన్నారు. ఆమె బోర్డు మీద రాస్తున్నదల్లా ఆపి, వెనక్కి తిరిగి, “ఆ అమ్మాయి చెప్పింది అర్థం కాకపోతే అడగండి, అర్థమైతే జవాబు చెప్పండి” అని మళ్లీ రాసుకోవడం మొదలుపెట్టింది. అర నిమిషం కూడా కాదు. లెక్చర్ ఇవ్వలేదు, నన్ను లేపి నిలబెట్టి జాలి చూపించలేదు. ఆ క్లాసులో మాత్రం నేను చివరిదాకా మాట్లాడాను.

కొత్త_మెంటార్:
అన్నీ రెండుసార్లు చదివాను. ఊరి_యాస గారూ, “సరదాకి అన్నార్లే” అనే మాట నేనూ ఎవరితోనో అని ఉంటాను. గుర్తు లేదు, అదే ఇబ్బంది.

ప్రస్తుతానికి మీటింగులు మధ్యాహ్నానికి మార్చేశాను. మూడో_ప్రయత్నం గారు చెప్పిన కాగితం పోయినేటి పిల్లల చేత రాయిస్తున్నాను, ఇప్పటికి పదిహేడు మాటలు వచ్చాయి, అందులో నాలుగు నాకే సరిగా తెలియవు! ఒక సందేహం. వరసగా రెండు రోజులు రాని పిల్లలకు ఫోన్ చేద్దామనుకుంటున్నాను. నిఘా పెట్టినట్టు ఉంటుందా?

వెనక_బెంచీ:
“అటెండెన్స్” అనే మాట ఎత్తితే నిఘానే. మొన్న మీ గ్రూపు వాళ్లు రీడింగ్ తీయలేక తంటాలు పడ్డారమ్మా అంటే అది వేరే ఫోను. కానీ నిజంగా తంటాలు పడి ఉండాలి సార్, పిల్లలు ఇట్టే కనిపెట్టేస్తారు.

డే_స్కాలర్:
ఇంతకీ ఆ అమ్మాయి మళ్లీ వచ్చిందా సార్?

కొత్త_మెంటార్:
వచ్చిందమ్మా, ఏడాది పోయింది, ఇప్పుడు కొత్త బ్యాచ్‌తో కూర్చుంటోంది. ఈ చర్చ చదువుతూ నిన్న ల్యాబ్ తాళం తీసే పని తనను చేస్తావా అని అడిగాను. “నేనా సార్?” అంది. స్టూడెంట్ చేతికి తాళం ఇవ్వకూడదని మా ఆఫీసులో రూలు.

వెనక_బెంచీ:
మాకూ ఉండేది ఆ రూలు.

కొత్త_మెంటార్:
అర్థమైంది. రిజిస్టర్‌లో నా పేరు రాసి ఇస్తాను.