కర్ణాటక వయొలిన్: మొదటి ఏడాది ఆన్‌లైన్‌లో కుదురుతుందా?

సరళి: అమెరికాలో చాలా ఊళ్లలో మన పద్ధతి వయొలిన్ మాస్టారు దొరకరు. దాంతో ఏడెనిమిదేళ్ల పిల్లల్ని హైదరాబాద్, విజయవాడల్లో ఉన్నవాళ్ల దగ్గర వీడియో క్లాసుల్లో చేర్పిస్తున్నారు. వర్ణాలు (గీతాల తర్వాత వచ్చే పెద్ద పాఠాలు) దాటినవాళ్ల సంగతి వేరు. ఇంకా సరళీ వరసల్లో (మొట్టమొదటి స్వర పాఠాల్లో) ఉన్న పిల్లకి ఇది పనికొస్తుందా? కారణాలతో చెప్పండి.

కమాను: పనికిరాదు. మొదటి ఆరు నెలలు చెయ్యి పట్టుకుని నేర్పాల్సిందే. కమాను (తీగల మీద లాగే విల్లు) పట్టులో బొటనవేలు కాస్త వంగాలి, చిటికెనవేలు కర్ర మీద గుండ్రంగా నిలబడాలి. పిల్లలు బొటనవేలు బిగబట్టి నిటారుగా పెడతారు. ఆ బిగువు మణికట్టుకీ, అక్కణ్ణుంచి భుజానికీ ఎక్కుతుంది. కమాను బ్రిడ్జికి (తీగల్ని ఎత్తిపట్టే చెక్కముక్కకి) సమాంతరంగా పోకుండా ఫింగర్‌బోర్డు (వేళ్లతో తీగలు నొక్కే పలక) మీదికి జారి, నాదం పీలగా వస్తుంది. తెరలోంచి "తిన్నగా లాగమ్మా" అని పదిసార్లు అంటే ఆ పిల్ల భుజం ఇంకా బిగిస్తుంది. పక్కన కూర్చుని మోచేతి కింద ఒక్క వేలు ఆనిస్తే చాలు, సర్దుకుంటుంది. కూర్చునే తీరు కూడా అంతే. స్క్రోలు (వయొలిన్ చుట్ట తల) కుడి చీలమండ దగ్గర గట్టిగా ఆనకపోతే వాద్యం బరువంతా ఎడమ చేతి మీద పడుతుంది. ఇక ఆ చేత్తో జారు (స్వరం నుంచి స్వరానికి వేలు జార్చడం) పలికినట్టే!

తంత్రి: కమాను గారూ, మీరు చెప్పినవన్నీ కంటికి కనపడే తప్పులే. లాప్‌టాప్ ముఖానికి ఎదురుగా పెడితే ఏదీ తెలియదు, నిజమే. ఫోను కొంచెం ఎత్తులో, కుడి పక్కగా పెట్టి, బ్రిడ్జి, కుడి మోచెయ్యి, ఎడమ మణికట్టు మూడూ కనపడేలా చూడండి. జూమ్‌లో 'ఒరిజినల్ సౌండ్' ఆన్ చెయ్యాలి. లేకపోతే తంబురాని గోల అనుకుని అదే కోసేస్తుంది. తంబురా మాస్టారి దగ్గర కాదు, పిల్ల దగ్గర వేరే ఫోనులో మోగాలి.

కమాను: మరి కలిసి వాయించడం? ధ్వని ఆలస్యంగా చేరుతుంది కాబట్టి రెండో కాలంలో (రెట్టింపు వేగంలో) గురువు, శిష్యురాలు ఒక దెబ్బ మీద కలవరు. గురువు స్వరంలో తన స్వరం కలిసిపోతోందా లేదా అని చెవి పట్టుకునేది అక్కడే.

తంత్రి: ఆ లోటు ఒప్పుకుంటాను. మాస్టారు మూడు కాలాల్లోనూ రికార్డు చేసి పంపితే ఇంట్లో దాంతో కలిసి వాయించాలి. సగమే తీరుతుంది.

నాదం: అసలు చిక్కు స్వరస్థానం. సరళీ వరసలు నేర్పే రాగం మాయామాళవగౌళలో సన్న తీగ పంచమం (ప), దాని పక్కది షడ్జం (స). షడ్జం తీగ మీద రి గ మ ఎక్కడ పడతాయో, పంచమం తీగ మీద ద ని స కూడా సరిగ్గా ఆ ఎదురుగానే పడతాయి. పెద్ద సైజు వయొలిన్‌లో తీగ పొడవు సుమారు 328 మి.మీ. తల వైపు తీగ మొదలయ్యే చోటు నుంచి శుద్ధ రిషభం (రి) 20 మి.మీ. దూరంలో, అంతర గాంధారం (గ) 65 దగ్గర, మధ్యమం (మ) 82 దగ్గర. అంటే గ, మ వేళ్లు దాదాపు ఒరుసుకోవాలి. పిల్లలు రిషభాన్ని పైకి, గాంధారాన్ని కిందికి నెడతారు. అది వినే చెవి ఉన్న మాస్టారికి మంచి మైకు చాలు. స్వరాల చోట్లకి ఫింగర్‌బోర్డు మీద అంటించే టేపు గుర్తులు మాత్రం నాకు నచ్చవు. బ్రిడ్జి జరిగితే అవీ అబద్ధాలే, పిల్ల మాత్రం వినడం మానేసి చూడ్డం మొదలుపెడుతుంది.

సరళి: దగ్గర్లో ఉన్న వెస్ట్రన్ టీచర్ దగ్గర కమాను పట్టు వరకూ నేర్పిస్తే?

నాదం: పట్టు వరకూ మేలే. కానీ వాళ్ల శృతి అన్ని తీగల మధ్యా ఐదో స్వరం దూరం (స నుంచి ప అంత). మనది స-ప-స-ప. ఒకే వాద్యాన్ని రోజూ అటూ ఇటూ తిప్పితే తీగలు నిలవవు. రెండో వయొలిన్ ఉంటేనే.

పంచమం: అందరూ వదిలేసిందొకటి. ఆన్‌లైన్ అయితే శృతి ఎవరు చేస్తారు? ఏడేళ్ల పిల్ల చెయ్యలేదు, అమ్మో నాన్నో నేర్చుకోవాలి. బిరడాని (తీగ చుట్టే చెక్క మరని) లోపలికి నొక్కుతూ తిప్పాలి, లేకపోతే జారుతుంది. చలికాలం హీటర్ గాలికి కర్ర ఎండి మరీ వదులవుతుంది. నాలుగు తీగలకీ ఫైన్ ట్యూనర్లు (తీగల కింది కొసన ఉండే చిన్న మరలు) వేయిస్తే రోజువారీ సర్దుబాటుకి బిరడా ముట్టక్కర్లేదు. బిరడాలు బిగించిన ప్రతిసారీ బ్రిడ్జి తల ఫింగర్‌బోర్డు వైపు వాలుతుంది. పక్కనుంచి చూసి, తోక (తీగల కింది కొస) వైపు ముఖం నిటారుగా ఉండేలా రెండు చేతులతో మెల్లగా వెనక్కి లాగండి. అలాగే వదిలేస్తే ఒకరోజు ఠప్పున పడిపోతుంది.