మొలకలు ఏపుగా ఉన్నాయి, చక్కెర విలువ మాత్రం పడిపోతోంది

చిగురు: పొద్దున్నుంచి దీంతోనే కుస్తీ, ఇక బుర్ర పనిచేయట్లేదు. మొక్కజొన్న మొలకల్లో కార్బోహైడ్రేట్ ఎలా మారుతుందో వారం వారం కొలుస్తున్నాను. మొక్కలు బాగా ఎదుగుతున్నాయి, ఆకులు ముదురు పచ్చగా ఉన్నాయి. గ్రాముకు వచ్చే విలువ మాత్రం రెండో వారం పెరిగి, మూడో వారం సగానికి పడిపోయింది. రంగు తెప్పించే రసాయనం (రీఏజెంట్) కొత్తగా కలిపాను, తెలిసిన చక్కెర మోతాదులతో గీసిన స్టాండర్డ్ గ్రాఫ్ గీత తిన్నగానే వచ్చింది. ఎక్కడ తేడా కొడుతోందో చెప్పండి, ప్లీజ్.

గాజుగొట్టం: ఏ పద్ధతి? మొక్కలో ఏ భాగం? ఏ టైముకి కోశారు?

త్రాసు: అంతకంటే ముందు, గ్రాము అంటే పచ్చి బరువా, ఎండు బరువా? లేత ఆకులో ఎక్కువ భాగం నీళ్ళే. నీళ్ళు పట్టిన ఆకు ఒక బరువు తూగుతుంది, కాస్త వాడితే ఇంకో బరువు. లోపల చక్కెర అంతే ఉన్నా లెక్క మారిపోతుంది. ఎండు బరువు మీద లెక్క కట్టండి, దాంతోపాటు మొక్క మొత్తానికి ఎంతో కూడా రాయండి. గ్రాముకు తగ్గినా మొక్కలో మొత్తం పెరిగి ఉండొచ్చు. గింజతో కలిపి తూచేవాళ్ళు ఇంకోటి గుర్తుపెట్టుకోవాలి: మొలకెత్తిన మొదట్లో ఎండు బరువు తగ్గుతుంది. గింజలోని స్టార్చ్ శ్వాసక్రియకు ఖర్చవుతుంటుంది, ఆకులు ఇంకా సంపాదన మొదలుపెట్టి ఉండవు.

చిగురు: పచ్చి బరువే. ఆకులు మాత్రమే. డీఎన్ఎస్ పద్ధతి, అంటే చక్కెర తగిలితే రంగు మారే రసాయనంతో; ఆ రంగుకి 540 నానోమీటర్ల కాంతి దగ్గర రీడింగ్. రెండో వారం సాయంత్రం కోశాం, మూడో వారం పొద్దున్నే. టైముతో పనేముంది?

గాజుగొట్టం: పని అంతా దాంతోనే. పగలు ఆకులో చక్కెర, స్టార్చ్ పోగవుతాయి, రాత్రంతా ఖర్చవుతాయి. సాయంత్రం ఆకునీ పొద్దుటి ఆకునీ పక్కపక్కన పెట్టకూడదు. పైగా డీఎన్ఎస్‌కి రెడ్యూసింగ్ చక్కెరలే, అంటే గ్లూకోజ్, ఫ్రక్టోజ్ లాంటివే కనిపిస్తాయి. మొక్కలో అటూ ఇటూ తిరిగే సుక్రోజ్ దానికి కనిపించదు, స్టార్చ్ కూడా దాదాపు అంతే.

పత్రహరితం: ఆంథ్రోన్ పరీక్ష చేస్తే గొడవే ఉండదు, గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లంలో కార్బోహైడ్రేట్లన్నిటికీ రంగు వస్తుంది. ఎండుపొడి నేరుగా వేసేయండి, మొత్తం కార్బోహైడ్రేట్ వచ్చేస్తుంది.

గాజుగొట్టం: సెల్యులోజ్ కూడా వచ్చేస్తుంది. గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం దాన్నీ విరగ్గొడుతుంది. ట్యూబులో ఫిల్టర్ పేపర్ నలుసు పడినా రంగు పెరుగుతుంది.

పత్రహరితం: సెల్యులోజ్ కార్బోహైడ్రేట్ కాదా?

గాజుగొట్టం: కార్బోహైడ్రేటే. కానీ కణం గోడ కట్టేశాక మొక్క దాన్ని మళ్ళీ తీసి వాడుకోదు. వీళ్ళు చూడాల్సింది వాడకంలో ఉన్న నిల్వ. చిగురు గారూ, ఆకు కోయగానే 80 శాతం వేడి ఇథనాల్‌లో వేయండి, లేదా ద్రవ నైట్రోజన్‌లో ముంచండి. కోసిన ఆకు బల్ల మీద పడి ఉన్నా శ్వాసిస్తూనే ఉంటుంది, ఉన్న చక్కెర కాస్తా ఖర్చయిపోతుంది. ఇథనాల్‌లోకి దిగేవి కరిగే చక్కెరలు, వాటికి ఆంథ్రోన్ చాలు. స్టార్చ్ అడుగున మిగిలిన పిప్పిలో ఉంటుంది. దాన్ని నీళ్ళలో ఉడికించి, స్టార్చ్‌ని గ్లూకోజ్‌గా విరగ్గొట్టే ఎంజైములు అమైలేజ్, అమైలోగ్లూకోసిడేజ్ వేసి, వచ్చిన గ్లూకోజ్‌ని 0.9తో గుణిస్తే స్టార్చ్ ఎంతో వస్తుంది.

త్రాసు: అన్నీ ఎండు బరువు మీదే.

చిగురు: థాంక్సండీ. ఇకనుంచి అన్నీ సాయంత్రమే కోస్తాం. అమైలోగ్లూకోసిడేజ్ మా దగ్గర లేదు. పెర్‌క్లోరిక్ ఆమ్లంతో స్టార్చ్ లాగితే నడుస్తుందా?

పత్రహరితం: నడుస్తుంది, పాతకాలం నుంచీ చేస్తున్నదే.

గాజుగొట్టం: ఆగండి. పిప్పిలో ఇథనాల్ తడి ఉండగా పెర్‌క్లోరిక్ పోయొద్దు, వేడి అసలే చేయొద్దు, పేలే ప్రమాదం ఉంది. మీ ల్యాబులో దానికి పనికొచ్చే, ఆవిర్లని బయటికి లాగేసే ఫ్యూమ్ హుడ్ ఉందా?