78 రికార్డుల మీద చిన్న పత్రిక: ఎన్ని కాపీలు వేయాలి, ఎలా పంపాలి?

ప్రశ్న

పాత 78 ఆర్‌పీఎం (నిమిషానికి 78 చుట్లు తిరిగే) గ్రామఫోను రికార్డుల మీద త్రైమాసిక పత్రిక మొదలుపెడుతున్నాం. ఏ5 సైజు, లోపల 64 పేజీలు, కవరు వేరే. డిస్కోగ్రఫీలు (ఒక కళాకారుడివో, కంపెనీవో రికార్డుల జాబితాలు), మ్యాట్రిక్స్ నంబర్ల (ఒక్కో రికార్డింగును గుర్తించే నంబర్లు) పట్టికలు, రికార్డు లేబుళ్ల (నడుమ అంటించిన గుండ్రటి కాగితాలు) ఫొటోలు ఎక్కువగా ఉంటాయి. ఇప్పటికి 180 మంది చందా కట్టారు. 300 కంటే 1000 వేయిస్తే కాపీ ఒక్కింటికి ఖర్చు బాగా తగ్గుతుందని ప్రెస్సువాళ్ల మాట. 600 కాపీలు దుకాణాలకు వేస్తామని ఒక పంపిణీదారు ముందుకొచ్చారు, అమ్ముడుపోనివి తిరిగిచ్చే పద్ధతి మీద. 1000కి వెళ్లొచ్చా? కాగితం, బైండింగు, పోస్టు విషయంలో ముందే చూసుకోవాల్సినవి ఏమిటి?

జవాబు 1

వెళ్లొద్దు. కాపీ ఖర్చు తగ్గడం నిజమే, కానీ మీరు చూడాల్సింది అమ్ముడైన కాపీ మీద పడే ఖర్చు. కవరు ధర 100 అనుకోండి, ముద్రణ కాపీకి 30. పంపిణీదారు, దుకాణం కలిపి సగం తీసుకుంటే మీకొచ్చేది 50. దుకాణాలకు వేసిన వాటిలో సగమే అమ్మితే అమ్ముడైన ప్రతి కాపీ రెండు కాపీల ముద్రణ మోయాలి, అంటే 60. రవాణా లెక్కలోకి రాకముందే కాపీకి 10 నష్టం. పైగా మిగిలినవి చాలాసార్లు మీ చేతికి రావు. కవరు చింపి లెక్క చూపిస్తారు, లేదా తూకానికి వేసేస్తారు. డబ్బు కూడా సంచిక గడువు ముగిసి, రిటర్నుల లెక్క తేలాకే. ఈలోగా రెండో సంచిక బిల్లు వచ్చి కూర్చుంటుంది.

మీ లెక్క ఇలా కట్టండి. చందాదారులకు 180. వ్యాసకర్తలకు, గ్రంథాలయాలకు 20. పోస్టులో పోయేవి, మూలలు నలిగేవి 10. సంగీతం, పాత రికార్డులు అమ్మే ఏడెనిమిది దుకాణాలకు నేరుగా, తలా ఐదు చొప్పున 40. పాత సంచికల నిల్వ 50. మొత్తం 300. నిల్వ దగ్గర పిసినారితనం వద్దు. డిస్కోగ్రఫీకి పాతబడటం ఉండదు. నాలుగో సంచికకు చేరినవాళ్లు మొదటి మూడూ అడుగుతారు, వాటికి ఎవరికీ కమీషన్ ఇవ్వక్కర్లేదు.

చందాను 'ఏడాదికి' అని కాక '4 సంచికలకు' అని అమ్మండి. సంచిక ఆలస్యమైనా మాట పోదు. ఆ డబ్బు మొత్తం మీది కాదు. ఒక సంచిక వెలువడితే అందులో నాలుగో వంతు మాత్రమే మీది అయినట్టు. మిగతాది ముట్టుకుంటే మూడో సంచికకి ప్రెస్సుకు కట్టడానికి ఏమీ ఉండదు. చిన్న పత్రికలు ఎక్కువగా మునిగేది ఇక్కడే.

జవాబు 2

కాపీల సంగతి తేలింది కాబట్టి తూకం గురించి. ఏ5 ఆకులు 32 కలిపితే దాదాపు ఒక చదరపు మీటరు. మీ 64 పేజీలు సరిగ్గా 32 ఆకులు. కాబట్టి లెక్క తేలిక: 90 జీఎస్ఎం (చదరపు మీటరుకు గ్రాములు) కాగితం వేస్తే లోపలి పేజీలు 90 గ్రాములు. కవరు 250 జీఎస్ఎం అయితే ఇంకో 15.6. లిఫాఫా, చిరునామా లేబులు కలిపి 12 వేసుకుంటే 118 దాకా పోతుంది. మీ పోస్టు రేటు 100 గ్రాముల దగ్గర మారేదైతే ఆ 18 గ్రాములకు ప్రతి కాపీకీ, ప్రతి సంచికకూ పై రేటు కడుతూనే ఉండాలి. లోపల 70, కవరు 200 జీఎస్ఎం అయితే 82.5. లిఫాఫాతో 95 లోపు.

ప్రెస్సు కాగితం తేవడానికి ముందే అదే కాగితంతో అచ్చులేని నమూనా ఒకటి కట్టించి, లిఫాఫాలో పెట్టి తూచండి. కాగితం బరువులో కొద్ది తేడా సహజం, తేమ కూడా పీలుస్తుంది. ఐదు గ్రాముల ఎడం ఉంచండి.

జవాబు 3

70 జీఎస్ఎంతో ఒప్పుకోను. నల్లటి రికార్డు ఫొటో వెనక మ్యాట్రిక్స్ పట్టిక పడితే అవతలి నలుపు ఇవతలికి కనపడుతుంది, చిన్న అంకెలు చదవలేరు. దానికి బదులు పేజీలు 56కి తగ్గించి 80 జీఎస్ఎం వేయండి. 28 ఆకులు, 70 గ్రాములు, అదే తూకం. ఆఫ్‌సెట్‌లో (ప్లేట్లు చేసి అచ్చేసే పద్ధతి) అయితే 16 పేజీల ఫారాలు (ఒకే పెద్ద కాగితం మీద అచ్చయ్యే పేజీలు) మూడు, ఎనిమిది పేజీలది ఒకటి. 300 కాపీలకు ఎలాగూ డిజిటల్ ప్రెస్సే నయం. అక్కడ ప్లేట్ల ఖర్చు లేదు, పేజీలు నాలుగుతో భాగిస్తే చాలు.

డిజిటల్‌లో ఒక చిక్కు: కవరు మొత్తం నలుపు పెడితే మడత దగ్గర టోనరు (సిరా పొడి) పగిలి తెల్లగీత తేలుతుంది. మడతకు ముందు క్రీజు (నొక్కుడు గీత) వేయించాలి, కాగితం నార (పోగుల దిశ) వెన్నుకు సమాంతరంగా ఉండాలి. ప్రెస్సుకు ఈ రెండూ రాసివ్వండి, నోటిమాట చాలదు.

రికార్డు లేబుళ్ల సంగతి. పాత లేబుళ్లలో బంగారు సిరా ఎక్కువ. ఫ్లాట్‌బెడ్ స్కానర్ దాన్ని మురికి గోధుమరంగుగానో, దాదాపు నలుపుగానో పట్టుకుంటుంది. కాబట్టి స్కాన్ చేయకుండా ఫొటో తీయండి. దీపానికీ రికార్డుకూ మధ్య తెల్ల కాగితం అడ్డుపెట్టి, ఆ వెలుగు లేబుల్ మీంచి కెమెరాలోకి పడేలా కోణం చూసుకుంటే బంగారం వెలుగుతుంది. అచ్చులో అది ఎలాగూ ఆవపిండి రంగుకే వస్తుంది. నిజమైన మెరుపు కావాలంటే విడిగా మెటాలిక్ సిరా వేయాలి, అది కవరుకు తప్ప దండగ. లేబుల్ సుమారు 75 మిల్లీమీటర్లు. అసలు సైజులో అచ్చేస్తే 300 డీపీఐ (అంగుళానికి చుక్కలు) చాలు, రెట్టింపు చేస్తే 600 కావాలి.

పట్టికల్లో అక్షరాలు కేవలం నలుపు 100 శాతంలోనే ఉండాలి. నాలుగు రంగులు కలిసిన నలుపులో ఉంటే రంగులు ఒక వెంట్రుకవాసి పక్కకు జరిగినా 3, 8 ఒకటైపోతాయి. మ్యాట్రిక్స్ నంబరులో ఒక అంకె తప్పితే ఆ వరుస మొత్తం వృథా.

ప్రశ్న అడిగినవారు

చాలా ఉపయోగపడింది. ఇంకో రెండు. వెన్ను మీద పేరు కనపడేలా పర్ఫెక్ట్ బైండింగు (ఆకులను వెన్నుకు జిగురుతో అంటించడం) చేయిద్దామనుకున్నాం, 56 పేజీలకు కుదురుతుందా? ప్రతి సంచికతో ఒక సీడీ ఇస్తే ఎలా ఉంటుంది?

జవాబు 3

28 ఆకులు, ఒక్కోటి సుమారు 0.1 మిల్లీమీటరు. వెన్ను మూడు మిల్లీమీటర్లు కూడా రాదు. జిగురు పట్టదు, పేరు పక్కకు జారి ముందు కవరు మీదికి వస్తుంది. సెంటర్ పిన్నింగే (నడిమి మడత మీద పిన్నులు కొట్టడం) చేయించండి, పుస్తకం బల్ల మీద విప్పుకుని నిలుస్తుంది కూడా. ఒకటే జాగ్రత్త. 14 మడత కాగితాలు ఒకదాంట్లో ఒకటి కూర్చున్నప్పుడు నడిమి పేజీలు బయటికి పొడుచుకొస్తాయి, దాదాపు 1.4 మిల్లీమీటర్లు, కత్తిరింపులో అంత మేర పోతుంది. పేజీ నంబర్లు అంచు నుంచి కనీసం 8 మిల్లీమీటర్లు లోపలికి ఉంచండి.

జవాబు 4

సీడీ వద్దనే చెబుతాను. డిస్కే 15 గ్రాములకు పైన, పైన కట్టిన తూకం లెక్కంతా చెడుతుంది. చాలాచోట్ల అచ్చు సామగ్రికి ఇచ్చే పోస్టు రాయితీ కూడా పోతుంది. హక్కులు రెండు వేరు: పాట రచన, స్వరకల్పనల హక్కు ఒకటి, ఆ రికార్డింగు హక్కు ఇంకొకటి. రికార్డింగు పాతదై స్వేచ్ఛగా ఉన్నా పాట హక్కు బతికే ఉండొచ్చు. గడువులూ దేశాన్ని బట్టి మారతాయి: రికార్డింగుకు ఇండియాలో 60 ఏళ్లు, యూరోపియన్ యూనియన్‌లో 70. చందాదారులు నాలుగు దేశాల్లో ఉంటే నాలుగూ చూసుకోవాలి.

ఐఎస్ఎస్ఎన్ (పత్రికలకు ఇచ్చే అంతర్జాతీయ గుర్తింపు సంఖ్య) మాత్రం మొదటి సంచికకు ముందే తీసుకోండి. ఎనిమిది అంకెలు, చివరిది తనిఖీ అంకె, అది ఎక్స్ కూడా కావచ్చు. దుకాణాలు బార్‌కోడ్ అడిగితే 977, తర్వాత ఐఎస్ఎస్ఎన్ మొదటి ఏడంకెలు, ఆపై రెండు అంకెలు (మామూలుగా 00), చివర కొత్త తనిఖీ అంకె. పాత తనిఖీ అంకెను కూడా ఇరికించడం అందరూ చేసే తప్పు. సంచిక సంఖ్య ఈ బార్‌కోడ్‌కు పక్కన రెండంకెల చిన్న బార్‌కోడ్‌గా వస్తుంది. పీడీఎఫ్ కూడా పత్రికగా వేస్తే దానికి వేరే ఐఎస్ఎస్ఎన్. పేరును గణనీయంగా మార్చినా కొత్తదే, కాబట్టి పేరు ఖాయం చేసుకున్నాకే దరఖాస్తు పెట్టండి.

జవాబు 1

ప్రకటనల మీద ఆధారపడొద్దని కూడా చేర్చాలి. బ్రిటన్‌లో ఎన్ఎంఈ అనే సంగీత వారపత్రిక 2015లో ఉచితమై, ప్రకటనల డబ్బుతో నడవాలని చూసి, 2018లో ఆ ముద్రణ ఆపేసింది. మీకు రికార్డుల వ్యాపారుల చిన్న ప్రకటనలు రెండు పేజీలు దొరికితే పోస్టు ఖర్చుకు సాయం, అంతే.

కంప్యూటర్‌లో చిరునామాల పట్టికలో (స్ప్రెడ్‌షీట్) పిన్‌కోడ్ నిలువు వరుసను మొదటిరోజే 'టెక్స్ట్'గా మార్చండి. లేకపోతే సున్నాతో మొదలయ్యే విదేశీ కోడ్‌లలో ఆ సున్నా మాయమవుతుంది, కాపీ నెల తర్వాత మీకే తిరిగొస్తుంది. అక్షరక్రమంలో పెట్టేటప్పుడు పట్టిక మొత్తం ఎంచుకోండి. పేర్ల నిలువు వరుస ఒక్కటే కదిలితే 180 కాపీలూ ఒకరివి ఇంకొకరికి పోతాయి. చిరునామా లేబుల్ మీద పేరు పక్కన ఆ చందా ఏ సంచికతో ముగుస్తుందో అచ్చేయండి: 'చివరి సంచిక 4'. విడిగా గుర్తుచేసే ఉత్తరం పని సగం తప్పుతుంది. మిగతా సగానికి మూడో సంచికలోనే ఒక చీటీ పెట్టండి, నాలుగోదాకా ఆగితే ఆలస్యం. ఆ చీటీని కూడా తూకంలో కలుపుకోండి.